వెనక్కి తెచ్చిన మాత్రలు

మా వదిన ఎవరైనా భోంచేస్తుంటే పక్కనే నిలబడుతుంది. వడ్డించడానికి కాదు, కంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. ఆఖరి ముద్ద ఇంకా నోట్లో నలుగుతుండగానే కంచం సింకులో పడుతుంది, బల్ల మీద తడిగుడ్డ తిరుగుతుంది, మీరు ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని లేవాల్సిందే. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. అక్కడి పిల్లలు ఆవిడకి 'మున్సిపాలిటీ' అని పేరు పెట్టారట. మున్సిపాలిటీ అయితే చెత్త ఎత్తదు కదా అంటారేమో. ఈవిడ ఎత్తుతుంది. చెత్త కానిది కూడా ఎత్తేస్తుంది, అదీ తేడా.

ఆవిడంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను నిలదీయకుండా. మా ఆయనకి స్వంత అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. 'నా చేత్తో పెంచాను' అని ఆవిడ అనని రోజు లేదు, అది విని మా ఆయన కళ్ళు చెమర్చని రోజూ లేదు. పెళ్ళయిన కొత్తలో నాకూ చెమర్చేవి.

మా ఆయనది కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని. నేను ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. పిల్లలు లేరు. ఆయన జబ్బు ఎముకల్లోకి దిగిందని తెలిసిన వారానికే వదిన రెండు పెట్టెలతో మా ఇంటికి వచ్చేసింది. నేను పనికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు, ఆయన్ని ఒంటరిగా వదిలిపెట్టలేను, కాబట్టి నోరు మూసుకున్నాను. అవసరం అలాంటిది. గాడిద కాళ్ళు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది.

ఆ జబ్బులో నొప్పి ఎలా ఉంటుందో చెప్పను. ఎవరికీ చెప్పకూడదు. ఒక చిన్న నీలం మాత్ర ఉండేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అది పడితే ఆయన మనిషి. పేపరు చదివేవాడు, నా మీద జోకులేసేవాడు, గోడకి ఎదురుగా కూర్చుని పక్కింటి వాళ్ళ టీవీ వినేవాడు. అది పడకపోతే ఆయన మనిషి కాదు, నేను పెళ్ళిచేసుకున్నవాడు అసలే కాదు. ఆ మాత్ర మామూలు మందుల షాపులో దొరకదు. పెద్దాసుపత్రిలో ఒకే ఒక కిటికీ, దానికి ఒకే ఒక డాక్టరు సంతకం. నెలకి సరిపడా ఇస్తారు. పారేసుకున్నాం అంటే దొంగని చూసినట్టు చూస్తారు.

ఆ నెల కోటా తెచ్చిన రెండు రోజులకే ఆయనకి జ్వరం కాసింది. స్పృహ తప్పింది. ఆసుపత్రిలో చేర్పించాను, వదినని ఇంటి దగ్గర ఉంచాను. మర్నాడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇవాళో రేపో అన్నట్టుంది, కావలసినవాళ్ళకి కబురు చెయ్యమన్నాడు. నేను వదినకి ఫోన్ చేసి అదే మాట చెప్పాను. "ఇవాళో రేపో అంటున్నారు వదినా." ఇంతే అన్నాను. ఒక్క అక్షరం ఎక్కువ అనలేదు.

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత ఆవిడ, "సరే, ఇక్కడి సంగతి నేను చూసుకుంటాలే," అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

చావుకి మనుషులందరి సంగతీ తెలుసు, మా వదిన సంగతి మాత్రం తెలియదు. మాట ఇచ్చి రాలేదు. ఆ రాత్రి గడిచాక జ్వరం దిగింది. ఆయన కళ్ళు తెరిచి, "ఆకలేస్తోంది," అన్నాడు. నర్సు నవ్వింది, నేను ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. డాక్టరు వచ్చి చూసి, జబ్బు ఎక్కడికీ పోదు కానీ ఈ గండం గడిచిందని, మంచం ఇంకొకరికి కావాలని, ఇంటికి తీసుకెళ్ళమని చెప్పాడు. నొప్పి మాత్రలు ఇమ్మని నర్సుని అడిగాను. "ఈ నెలవి తీసుకున్నారు కదమ్మా, ఇంట్లో ఉంటాయిగా," అంది. ఉంటాయి. ఎందుకుండవు? బయల్దేరే ముందు ఒక ఇంజెక్షన్ ఇచ్చి, సాయంత్రం దాకా పనిచేస్తుందంది.

వదినకి ఫోన్ చేస్తే ఎప్పుడు చేసినా ఎంగేజే. ఎవరెవరితో మాట్లాడుతోందో నాకేం తెలుసు? సరే, తలుపు తీయగానే చూసి సంతోషపడుతుందిలే అనుకున్నాను. దారి పొడుగునా అంబులెన్సులో ఆ సంబరమే ఊహించుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానిమీద ఒకటి ఎత్తుగా పేర్చి ఉన్నాయి. అద్దెకి తెచ్చినవి. వాకిలి నీళ్ళోడుతూ కడిగి ఉంది. తలుపు తీసింది వదినే. చేతిలో గుడ్డ. స్ట్రెచరు మీద తమ్ముణ్ణి చూసింది. ఆయన నవ్వి, "అక్కా, వచ్చేశానే," అన్నాడు.

"చెప్పా పెట్టకుండా వస్తారా ఎవరైనా?" అంది వదిన, నాతో.

లోపలికి తీసుకెళితే ఆయన గది లేదు. గది ఉంది, ఆయనదంటూ ఏమీ లేదు. మంచం విప్పి గోడకి ఆనించి ఉంది. పరుపు ఎవరికో ఇచ్చేసింది. బీరువాలో ఆయన అరలన్నీ ఖాళీ, లోపల కొత్త పేపర్లు పరిచి ఉన్నాయి. చెప్పులు లేవు. గడ్డం గీసుకునే రేజరు కూడా లేదు. ఆసుపత్రి వాళ్ళ గౌనుతోనే ఆయన్ని ముందుగదిలో సోఫా మీద పడుకోబెట్టాం. ఆయన కళ్ళు గదంతా తిరిగాయి. ఏమీ అడగలేదు. అడగకుండా ఆయన మింగిన ఆ మాట గొంతులో దిగడం నేను చూశాను.

"నలుగురూ వస్తారు, ఇల్లు ఇల్లులా ఉండొద్దూ?" అంది వదిన. "ఎవరో ఒకరు చెయ్యాలిగా. నువ్వు చేస్తావా? నువ్వు అక్కడ కూర్చుని ఏడుస్తావు."

సాయంత్రం కాకముందే ఆయన నుదురు ముడిపడింది. తర్వాత సోఫా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఆ పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడ్డాయి. నాకా గుర్తులు కంఠతా వచ్చు. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీద డబ్బా కోసం చూశాను. డబ్బా లేదు.

"వదినా, ఆయన మాత్రలేవి?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఎవరికో ఎందుకిస్తాను, మందుల షాపులో. వాడని మందులు తెచ్చి ఇమ్మని పెట్టె పెట్టాడుగా. చెత్తలో వేస్తే కుక్కలు తింటాయి, మురుగులో పోస్తే నీళ్ళు పాడవుతాయి. అన్నీ మూటగట్టి ఇచ్చొచ్చాను. షాపాయన మెచ్చుకున్నాడు కూడా, అందరూ మీలా ఉంటే ఎంత బాగుండునమ్మా అని."

ఆవిడ ఈ మాట చెబుతూ స్టవ్ తుడుస్తోంది. చేతిలో ఉన్న గ్లాసు ఆవిడ నెత్తిన వేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. టైము లేక.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆ డాక్టరు వచ్చే వారం గానీ రాడు, ఆయన సంతకం లేకుండా కిటికీ తెరుచుకోదు, అంత నొప్పిగా ఉంటే ఎమర్జెన్సీకి తీసుకురండి అన్నారు. మా ఆయన విన్నాడు. "నన్ను మళ్ళీ ఆ బండి ఎక్కించకు," అన్నాడు. "ప్రతి గుంతకీ నా నడుం విరుగుతుంది. వద్దు. షాపుకి వెళ్ళి అడుగు. మనవేగా, ఇస్తారు."

పరిగెత్తాను.

ఆ షాపు మా వీధి మలుపులోనే. మనిషి మంచివాడే, కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసం వెతుక్కునే రకం. కౌంటరు పక్కన ఇనప్పెట్టె, పోస్టుడబ్బాకున్నట్టు దానికో నోరు. పైన గోడకి పెద్ద పోస్టరు: మాత్రల్ని మింగి వెల్లకిలా తేలుతున్న చేప, నవ్వుతున్న కుటుంబం. ఆ పెట్టె అంటే ఆయనకి పంచప్రాణాలు. ఊళ్ళో ఇంకే షాపులోనూ లేదని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

విషయం చెప్పాను. విని, కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు.

"మామూలు మందులైతే పెట్టెలో వేసేస్తారమ్మా, నేను అడగను. ఇవి అలాంటివి కాదు. ఇలాంటివి చేతికి తీసుకుని, పేషెంటు ఏమయ్యాడో అడిగి, కవర్లో పెట్టి అంటించి, ఇచ్చినవాళ్ళ చేత అంటించిన చోట సంతకం పెట్టించి, లోపలి అరలో పెట్టి తాళం వేస్తాను. కాల్చెయ్యడానికి తీసుకెళ్ళే బండి వచ్చేదాకా అది అలాగే ఉండాలి."

"ఉందిగా మరి. తాళం తీసి ఇవ్వండి."

"మీ వదినగారిని నేను అడిగాను. పేషెంటు ఎలా ఉన్నాడని. పోయాడని చెప్పారు."

"పోయాడనా?" అన్నాను.

"బతికున్నవాళ్ళవైతే నేను తీసుకోనమ్మా," అన్నాడాయన. "నొప్పి తగ్గలేదని మళ్ళీ వస్తారు కదా. అది కూడా చెప్పాను ఆవిడకి. అప్పుడే అన్నారు, పోయాడండీ, పొద్దున్నే అని. నేను అయ్యో అని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను."

"బతికే ఉన్నాడండీ. ఇంట్లో సోఫా మీద ఉన్నాడు. మీరొచ్చి చూడండి."

"చాలా సంతోషం. నేను నమ్ముతున్నాను. కానీ పోయినవాళ్ళ మందులు ఇంట్లోవాళ్ళు వచ్చి అడిగితే ఇచ్చిన షాపతన్ని నేనెరుగుదును. ఆ ఇంట్లో కుర్రాడొకడు అవి మింగి పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆ షాపిప్పుడు లేదు. సంతకం పెట్టిన మనిషి రావాలి, 'నేను చెప్పింది నిజం కాదు, ఆయన బతికే ఉన్నాడు' అని నా ముందు అనాలి. అప్పుడు తాళం తీసి ఆవిడ చేతికే ఇస్తాను. మీ చేతికి ఇవ్వను. ఇచ్చిన చేతికే."

ఏడ్చాను, బతిమాలాను. చివరికి తిట్టాను కూడా. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు, జ్వరానికి వేసే మాత్రలు ఊరికే నా చేతిలో పెట్టి, ఈలోగా ఇవి వెయ్యండి అన్నాడు. ఇల్లు కాలుతుంటే ఉఫ్ అని ఊదమన్నట్టుంది. తీసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మనుషులు కూర్చుని ఉన్నారు. వదిన నిన్నట్నుంచి చేసిన ఫోన్లన్నీ ఒక్కసారి ఇంటికొచ్చాయి. మా ఆయన బాబాయి వీధి మొగదలనుంచే శోకాలు పెడుతూ వచ్చి, గుమ్మం దాటి, సోఫాలో మూలుగుతున్న మా ఆయన్ని చూసి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పిన్ని అయితే, "అదేమిటి, ఇంకా..." అని ఆపేసింది. ఆ ముసలాయన ఎక్కడినుంచో రెండు బస్సులు మారి వచ్చాడు. ఆయన మొహంలో సంతోషం ఉంది, కాదనను. దానికింద కాస్త చిరాకు కూడా ఉంది.

వదిన వాళ్ళకి టీ ఇస్తోంది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను.

"షాపుకి రండి. ఆయన బతికే ఉన్నాడని చెప్పండి. రెండు నిమిషాల పని."

"ఏమని చెప్పాలి?"

"పోయాడని చెప్పింది నిజం కాదని."

"అంటే బజార్లో నిలబడి నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలా?" గొంతు తగ్గించి అంది, పళ్ళు మాత్రం బిగించింది. "పోతున్నాడని నాకు ఫోన్ చేసింది ఎవరు? నువ్వు. నీ మాట నమ్మినందుకు ఇంతమందిలో నా మొహం ఏమైందో చూశావా? వాడు పోతాడనే కదా నేను ఇదంతా చేసింది. ఒక్కపూట అటూ ఇటూ అయింది. దానికింత రాద్ధాంతమా?"

"ఆయన నొప్పితో చస్తున్నాడు వదినా."

"ఓర్చుకుంటాడు. వాడి సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసు. చిన్నప్పుడు చెయ్యి విరిగితే కిక్కురుమనలేదు."

ముందుగదిలోంచి ఆయన అరిచాడు. అది అరుపు కాదు, దానికి నా దగ్గర మాట లేదు. కుర్చీల్లోవాళ్ళు లేచి నిలబడ్డారు. వదిన గ్యాసు మీద మరుగుతున్న టీని చూసి మంట తగ్గించింది.

అప్పుడు నేను ముందుగదిలోకి వెళ్ళి అందరికీ చెప్పేశాను. గొంతు చించుకుని చెప్పాను. బతికున్న తమ్ముణ్ణి పోయాడని చెప్పి మందులు ఇచ్చేసిందని, ఇప్పుడు మాట వెనక్కి తీసుకోవడానికి పౌరుషం అడ్డొస్తోందని. చెబుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అంత నొప్పిలో ఆయన అక్కడుండగా, ఒక్క నిమిషం పాటు నాకు పండగలా ఉంది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బాబాయి, "అమ్మాయ్, నిజమేనా?" అన్నాడు వదినతో. ఆవిడ గుమ్మంలో ట్రేతో నిలబడి ఉంది. ఒక్కసారిగా ముసలిదైపోయింది.

మా ఆయన తల తిప్పి ఆవిడ్ని చూశాడు. కోపం లేదు ఆ చూపులో. పళ్ళ మధ్యనుంచి, "అక్కా, వెళ్ళి తీసుకురావే. నీ కాళ్ళు పట్టుకుంటానే," అన్నాడు.

ఆవిడ ట్రే బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బట్టలు మార్చుకుంది, తల దువ్వుకుంది. నేను తలుపు బయట నిలబడి ఆ దువ్వెన చప్పుడు వింటున్నాను. ఒక్కో దువ్వుడుకీ అవతల ఒక మూలుగు. ఆడదాన్ని ఆడది చంపగలదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని, తనిఖీకి వెళ్ళే వార్డెనులా నాకంటే ముందు నడిచింది.

షాపులో జనం ఉన్నారు. ఆవిడ వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామంది. నేను వాళ్ళని పక్కకి నెట్టాను.

"సమాచారం తప్పు అందింది," అంది వదిన, షాపాయన మొహం చూడకుండా. "ఆ కవరు ఇప్పించండి."

"అలా కాదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "మీరు నాతో ఒక మాట చెప్పారు. అది నిజం కాదని అనాలి."

"అదే అన్నానుగా."

"సమాచారం అన్నారు. మీరు అనలేదు. పొద్దున్నే పోయాడని, మీరు దగ్గరే ఉన్నారని చెప్పారు నాకు."

దగ్గరే ఉన్నానని కూడా చెప్పిందన్నమాట. మందులు కొనడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేసి చూస్తున్నారు. ఒకావిడ చంకలో పాప కూడా చూస్తోంది.

"మా తమ్ముడు బతికే ఉన్నాడు," అంది. "నేను చెప్పింది నిజం కాదు."

ఆయన తాళం తీశాడు. కవరు తీసి, సంతకం ఆవిడదేనని ఆవిడకే చూపించి, ఆవిడ చేతిలో పెట్టాడు. నేను చెయ్యి చాపాను. నా చేతిని దాటించి కవరు హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. జిప్పు చప్పుడైంది. సర్లే, ఇంటికేగా అనుకున్నాను.

దారిలో ఆవిడ వేగంగానే నడిచింది.

ఇంట్లో మనుషులు ఇంకా పెరిగారు. ముందుగదిలో సోఫా చుట్టూ నిలబడి ఉన్నారు, చేసేదేమీ లేక. ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని ఉన్నాడు. గౌను చెమటతో తడిసిపోయింది. వదిన వెళ్ళి ఆయన తలవైపు నిలబడింది, బ్యాగు తెరిచి కవరు బయటికి తీసింది, అందరికీ కనిపించేలా.

"తెచ్చాను," అంది.

ఆయన నోరు తెరిచాడు.

"ఉండు," అంది వదిన. "ముందు వీళ్ళకి చెప్పు."

"ఏం... ఏం చెప్పాలక్కా?"

"అక్క కావాలని చెయ్యలేదని చెప్పు. నీ పెళ్ళాం ఇంతమందిలో నన్ను హంతకురాల్ని చేసింది. బజార్లో పదిమంది ముందు నిలబెట్టింది. నిన్ను ఈ చేత్తో పెంచాను. నీ నోటితో చెప్పు, అక్క తప్పేం లేదని. అప్పుడు వేసుకుందువుగాని."

నేను ఆవిడ మీద పడ్డాను. కవరు కోసం గోళ్ళతో రక్కాను. ఆవిడ చెయ్యి పైకెత్తింది, ఆవిడ నాకంటే పొడుగు. వెనకనుంచి ఎవరో నా రెండు రెక్కలూ పట్టుకున్నారు. "ఆగమ్మా, పెద్దది, అలా మీద పడతారా?" అంది పిన్ని. "ఒక్క మాటేగా, అనేస్తే పోలేదూ," అన్నాడు బాబాయి మా ఆయనతో, మంచి చెబుతున్నట్టు. నన్ను పట్టుకున్నవాళ్ళు గట్టిగానే పట్టుకున్నారు. కవరు పట్టుకున్న చెయ్యిని ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదని తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. అక్కాతమ్ముళ్ళ మధ్య మేమెందుకు అన్నారు.

ఆయన నావైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు. తర్వాత ఆ కవరు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"అక్క తప్పేం లేదు," అన్నాడు. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవలసి వచ్చింది. "అందరూ వినండి. అక్క సరిగ్గానే చేసింది. టైముకి పోకపోవడం... నాదే తప్పు."

ఈ మాటకి ఆవిడ గుండె పగులుతుందని నేననుకున్నాను. కవరు కిందపడేసి, తమ్ముడి మీద పడి ఏడుస్తుందని.

"విన్నారుగా," అంది వదిన అందరితో.

కవరు చింపింది. మాత్ర తీసి ఆయన నాలుక మీద పెట్టింది, తల కింద చెయ్యి వేసి లేపి నీళ్ళు తాగించింది. గడ్డం మీద కారిన నీళ్ళు తుడిచింది. ఎంత మెత్తగా తుడిచిందో. పిన్ని కళ్ళొత్తుకుంటూ, "ఎంతైనా తోడబుట్టింది కదా," అంది. అప్పటికి నన్ను వదిలేశారు.

మిగిలిన మాత్రలు మళ్ళీ బ్యాగులోకి వెళ్ళాయి. "నా దగ్గరుంటేనే భద్రం. టైముకి నేనే వేస్తాను," అంది. వచ్చినవాళ్ళు అదే మంచిదన్నారు. నేను పనికి పోయేదాన్ని, ఆవిడ ఇంట్లో ఉండే మనిషి, అనుభవం ఉన్న మనిషి. ఆ రాత్రి ఆవిడ బ్యాగు తల కింద పెట్టుకుని పడుకుంది.

మరుసటి వారం ఆ డాక్టరు ఆసుపత్రికి వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, జరిగింది చెప్పుకుని, వాళ్ళు చూసిన చూపులన్నీ భరించి, వదిన బ్యాగులో ఉన్నవి కాకుండా వేరే మాత్రలు నేనే తెచ్చాను. వదిన స్నానం చేస్తోంది. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళి చూపించాను. "ఇవి నా దగ్గరుంటాయి. లాండ్రీకి కూడా నాతోనే తీసుకెళతాను, వేళకి వచ్చి వేస్తాను. ఇంకెవర్నీ అడగక్కర్లేదు," అన్నాను.

ఆయన బాత్రూం వైపు చూశాడు. నీళ్ళ చప్పుడు వస్తోంది.

"అక్కకివ్వు," అన్నాడు.

"ఎందుకండీ?"

"నువ్వు దాచావని తెలిస్తే వెతుకుతుంది. దొరికితే మళ్ళీ ఆ షాపులో ఇచ్చేస్తుంది. ఇచ్చేసి, మళ్ళీ పోయానని చెబుతుంది." నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు. "ఇచ్చెయ్యి. నీకు తెలీదు. ఆవిడ చేతిలో ఉంటేనే నాకు అందుతాయి."

ఇచ్చేశాను. ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి, తీసుకుని, బ్యాగులో పెట్టుకుంది.

ఆయన ఆ తర్వాత రెండు నెలలు బతికాడు. పొద్దునా సాయంత్రం మాత్ర వేళకి వదిన వచ్చి మంచం చివర కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి కూడా అడగలేదు, అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. చేతిలో మాత్ర పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఆయన మొదలుపెట్టేవాడు. అక్క లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేది, అనేవాడు. చిన్నప్పుడు అక్క నన్ను ఎత్తుకుని బడికి తీసుకెళ్ళేది, అనేవాడు. ఇల్లు అద్దంలా ఉందక్కా, అనేవాడు. కాసేపటికి ఆవిడ లేచి మాత్ర నోట్లో వేసేది.

కొన్ని రోజులు నొప్పి ముదిరిపోయి ఆయనకి మాటలు తోచేవి కావు. పెదాలు కదిలేవి, అంతే. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉండేది. అప్పుడాయన నావైపు చూసేవాడు.

నేను మొదలుపెట్టేదాన్ని.